కందకం దాటిన మిడతలు

ఆ ఏడు చలికాలంలో చాలా రోజులు రసామీ ఒక సమాధి చుట్టూ తవ్విన కందకం గట్టున కూర్చునే గడిపాడు. కందకం లోపల నడుమెత్తు గడ్డి, దాని మధ్య వాళ్ళ వంశం వాళ్ళ రాతి సమాధి. ఇవతల గట్టు మీద ఈయన. చేతిలో దోమతెర గుడ్డతో కుట్టిన వల, పక్కన మూత ఉన్న వెదురు బుట్ట. లోపలి గడ్డిలోంచి ఏ మిడతైనా తనంతట తాను ఎగిరి కందకం దాటి ఇవతల వాలితే పట్టుకునేవాడు. వాలకపోతే లేదు. పొద్దున మంచు విడిచిన దగ్గర్నుంచి మధ్యాహ్నం అన్నం వేళ దాకా అదే పని. రోజంతటికీ మూడో నాలుగో దొరికేవి. ఒక్కోరోజు ఒక్కటీ లేదు.

మా కొండ ఊరు అంబటులావాలో దీన్ని చూసి నవ్వనివాడు లేడు.

"ఏం రసామీ, ఇవాళ ఎంతమంది పెద్దలు గోడ దూకారు?" అని ఎడ్లబండి తోలుకుపోతూ జిమీ కేకేసేవాడు.

"నీ క్యాబేజీ జోలికి పోనివాళ్ళంతా క్షేమంగానే ఉన్నార్లే, పోరా!" అని ఈయనా అంతే గట్టిగా కేకేసేవాడు.

ఆ మాట తగిలి జిమీ మొహం తిప్పుకునేవాడు. ఎందుకో చెబుతాను.

రసామీ ఇరవై రెండేళ్ళు పెద్దరోడ్డు పక్కన ఊసరవెల్లుల తోటలో పనిచేశాడు. పైదేశాల వాళ్ళు బస్సు దిగి ఫొటోలు తీసుకుని పోయే తోట. వందల ఊసరవెల్లులకు మేత పెట్టడం ఈయన పని. మా వాళ్ళకి ఊసరవెల్లిని ముట్టుకోవడమంటే ఒళ్ళు జలదరిస్తుంది. దారికి అడ్డం వస్తే బండి ఆపుకుని, అది ఊగుతూ ఊగుతూ దాటేదాకా నోరు మూసుకుని నిలబడతాం. అలాంటిదాన్ని భుజం మీద ఎక్కించుకు తిరిగే మనిషి చేత్తో ఇస్తే చిలగడదుంప ముక్క కూడా పుచ్చుకోరు చాలామంది. పిల్లనిస్తామని ఒక్కరూ రాలేదు. హంటా తనే వచ్చింది. "వాడి చేతులు ఎంత కడిగితే పోతుందే ఆ మైల?" అని వాళ్ళమ్మ శోకాలు పెడితే, "కడగక్కర్లేదులే, నాకలాగే బావున్నాయి" అందట. అంత తెగువ గల మనిషి మా ఊళ్ళో అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు.

ఇద్దరూ తోటలోనే పనిచేశారు. రెండు కాన్పులు నిలవలేదు. ఊసరవెల్లుల ఉసురు తగిలిందని ఊరు ఊరంతా అంది. ఎవరేమన్నా ఆ ఇద్దరూ చెవిన పెట్టలేదు, పొద్దున్నే వలలు భుజాన వేసుకుని పొలాల మీద పడేవారు.

మేత విషయంలో రసామీది ఛాదస్తమంటే ఛాదస్తమే. నిన్న పెట్టిన పురుగు ఇవాళ పెట్టకూడదు. ఇవాళ మిడతలైతే రేపు కీచురాళ్ళు, ఎల్లుండి పట్టుపురుగులు, ఆ మర్నాడు రెక్కల పురుగులో గొల్లభామో. మిణుగురు పెట్టావా చచ్చిందే, ఒక్కటి చాలు. బొచ్చు గొంగళి వద్దు, కొండి ఉన్నది వద్దు, నలిపితే కంపు కొట్టేది వద్దు. పురుగు ఊసరవెల్లి రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. పట్టిన పురుగుని తిన్నగా పెట్టేయడానికీ వీల్లేదు, ఒక పూట ఆకుకూరా క్యారెట్టూ తినిపించి, గుడ్డుపెంకు పొడి అద్ది మరీ పెట్టాలి. "మీ ఆవిడ నీకింత శ్రద్ధగా వండి పెడుతోందా?" అని తోటలో వాళ్ళు ఏడిపిస్తే, "నాకు పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. నేను ఊసరవెల్లినైతే ఈపాటికి పోయేవాణ్ణి" అనేవాడు. తన చేతి మేత తిని ఒక్కటీ చావలేదన్నదే ఆయన గొప్ప. ఇంకే గొప్పా లేదు పాపం.

జనరల్ అన్న ఊసరవెల్లిని పొదిగించింది హంటా. సముద్రం వైపు జాతి, నీలం ఆకుపచ్చా కలిసిన మగది. తోటలో పెట్టిన గుడ్లు ఎన్నో పాడైపోతే, మిగిలిన ఒక్క గుడ్డును డబ్బాలో మట్టిపోసి పొయ్యి పక్కన పెట్టుకుని ఎనిమిది నెలలు కాచింది. పిల్ల బయటికొచ్చినప్పుడు వెనక కాలు వంకర. నడుస్తూంటే కవాతు చూడ్డానికి వచ్చిన దొరలా ఉందని ఆవిడే దానికి జనరల్ అని పేరు పెట్టింది. మరుసటేడు ఆవిడకి ఛాతీలో జబ్బు చేసింది. పోయే ముందు రోజు కూడా, "వాడికి పొడి అద్దావా?" అనే అడిగింది.

ఆమెను రసామీ వాళ్ళ వంశం సమాధిలోనే పెట్టారు. కొన్నేళ్ళకోసారి సమాధి తెరిచి, మా పెద్దల్ని బయటికి తెచ్చి కొత్త పట్టుగుడ్డలు చుడతాం. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయాక ఇద్దరి ఎముకల్నీ కలిపి ఒకే గుడ్డలో చుట్టేస్తాం. రసామీకి బతుకు మీద వేరే ఆశేం లేదు. "నన్ను హంటాతో ఒకే గుడ్డలో చుట్టన్నయ్యా, అంతే చాలు" అని వాళ్ళన్న రండ్రియాతో నూరుసార్లు అని ఉంటాడు. సమాధి తాళం రండ్రియా దగ్గరే ఉంటుంది. "అస్తమానూ ఆ మాటేమిట్రా, చుట్టక ఎక్కడికి పోతాం" అని ఆయన విసుక్కునేవాడు.

తర్వాత తోట మూసేశారు. యజమాని ముసలివాడై దేశం విడిచిపోతూ జీవాలన్నిటినీ ఎవరెవరికో ఇచ్చేశాడు. వంకర కాలుదాన్ని ఎవరూ అడగలేదు. దానికి తోడుగా ఒక ముసలి ఆడదాన్ని కూడా రసామీ ఇంటికి తెచ్చుకున్నాడు. అడవిలో వదిలేయొచ్చు కదా అంటారేమో, వాటిది సముద్రం ఒడ్డు జాతి, మా కొండ చలికి నాలుగు రోజులు ఆగవు. పొయ్యి వెచ్చదనం తగిలే మూలన, చెట్టుకొమ్మ కట్టిన పంజరంలో ఉండేవి.

మొదటి చలికాలమే దెబ్బ కొట్టింది. చలికి పురుగు నేలలోకి దూరిపోతుంది. ఉన్న కాస్తా కూరగాయల మళ్ళల్లోనే. మా ఊళ్ళో మడి చూడండి, క్యాబేజీకి మందు, టమాటాకి మందు, దుంపకి మందు, వరికీ మందే. రసామీ వెళ్ళి జిమీని అడిగాడు, "ఒరే, నిజం చెప్పు, మందు కొట్టి ఎన్నాళ్ళైంది?" అని.

"పదిహేను రోజులు దాటింది. నా మీద నమ్మకం లేదా?"

నమ్మాడు. నాలుగు మిడతలు తెచ్చాడు. ముందు ఆడది తింది. సాయంత్రానికి వణికింది, నోట్లోంచి నురుగు, చీకటి పడేసరికి కొమ్మ మీంచి కింద పడింది. రసామీ దాన్ని దోసిట్లో పెట్టుకుని జిమీ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. జిమీ పెళ్ళాం అప్పుడు బయటపెట్టింది, మూడు రోజుల కిందటే కొట్టాం, ఆయనకి గుర్తులేనట్టుంది అని. గుర్తులేదట! రసామీ దాన్ని దోసిట్లోనే పట్టుకుని వెనుదిరిగాడు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. చంపింది మందు కాదు, తన చేయి అని ఆయన లెక్క. ఇరవై రెండేళ్ళ గొప్ప ఒక్క సాయంత్రంతో పోయింది.

అప్పట్నుంచి మళ్ళ వైపు వెళ్ళడం మానేశాడు. ఇంట్లో బుట్టలో పెంచుతున్న బొద్దింకలే పెట్టాడు. ఒక నెల బాగానే గడిచింది. రెండో నెలకి జనరల్ కీళ్ళు వాచాయి. కంటి రెప్పల బుడిపెలు ఉబ్బి ఒక కన్ను మూసుకుపోయింది. ఒకే మేత పెడితే ఏమవుతుందో రసామీకి వేరే చెప్పాలా? రోజూ చూస్తూనే ఉన్నాడు, చేసేదేం లేదు. ఒకరోజు బొద్దింకను ఎదురుగా పెడితే అది గురిచూసి నాలుక విసిరింది. నాలుక సగం దూరం వెళ్ళి ఆగింది. మళ్ళీ విసిరింది. ఈసారి పెదవి దాటి వేలాడింది. తిరిగి లోపలికి లాక్కోవడానికి దానికి చాలాసేపు పట్టింది. రసామీ ఆ మూలనే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అడవికి రెండుసార్లు వెళ్ళాడు. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి చేరే దారి, అరవై దాటిన మోకాళ్ళు, ఆపైన ముసురు. ఆరు పురుగులతో తిరిగొచ్చి వారం మంచం పట్టాడు.

ఇక మిగిలింది సమాధి గడ్డి. మందు పడని నేల ఈ చుట్టుపక్కల అదొక్కటే. సమాధి తెరిచే రోజు తప్ప అక్కడ ఎవరూ కాలు పెట్టరు, కొడవలి పెట్టరు, నిప్పు పెట్టరు, పశువుల్ని తోలరు. ఎండిన పుల్ల రాలినా ఏరరు. ఆ కందకం లోపల ఉన్నదంతా పెద్దలదే, పెద్దల సొత్తు ముట్టుకున్నవాడికి, ఎద్దు బలితో కడుక్కుంటే తప్ప, ఆ సమాధిలో చోటు లేదు. మాకు ఇంతకు మించిన శిక్ష లేదు. చచ్చాక నీ వాళ్ళ మధ్య పడుకోలేని మనిషివి నువ్వు ఎందుకు పుట్టినట్టు?

అందుకే గట్టున కూర్చున్నాడు. కందకం దాటి వచ్చిన మిడత పెద్దలది కాదు కదా అని ఆయన వాదన. వదిన అయితే ఒకసారి మొహం మీదే అడిగింది, "ఏం మరిదీ, పెద్దల కోళ్ళు పక్కింటికెళ్తే కోసుకు తినేయడమేనా?" అని.

"పిలిచానా వదినా నేను? వాటంతట అవే వచ్చాయి."

"చిలగడదుంప ఆకులు గట్టున పరిచావట కదా. పిలవడం కాదా అది?"

 మర్నాడు ఆకులు తీసేశాడు. ఆకులు తీసేశాక రోజుకి రెండు కూడా దాటలేదు.

జులై వచ్చింది, మాకు నడి చలికాలం, చలి ఇంకా ముదిరింది. ఒక పొద్దున జనరల్ రెండో కన్ను కూడా తెరవలేదు. రంగంతా పోయి పాత బూడిదలా ఉంది. పట్టు సడలి కొమ్మ మీద ఒక పక్కకి ఒరిగిపోయింది. పుల్లతో నోరు తెరిచి నీటిబొట్టు వేశాడు, మింగింది. ఇంక రెండు రోజులేనని ఆయనకి తెలుసు. వలా బుట్టా తీసుకుని సమాధి దగ్గరికి నడిచాడు. గట్టున కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఒక్క మిడత కూడా కదల్లేదు. లోపల మాత్రం, ఎండ తగిలే గడ్డి మొదళ్ళలో, చిటపటమని చప్పుడు.

"హంటా, నా మీద కోపం పెట్టుకోకు" అన్నాడు పైకే. "నువ్వు పొదిగినవాడే కదే."

కందకంలోకి దిగి అవతల ఎక్కాడు.

అంత మేత ఆయన చూసి ఎన్నాళ్ళైందో. ఆకుపచ్చ మిడతలు, గోధుమరంగు మిడతలు, గడ్డిపోచల మీద గొల్లభామలు, రాతికి అంటుకుని తెల్లటి రెక్కల పురుగులు. వల విసురుతూనే ఉన్నాడు, పడుతూనే ఉన్నాడు. బుట్ట నింపుకుని ఇవతలికి ఎక్కేసరికి, కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వాళ్ళన్న కూతురు రవక నిలబడి ఉంది. ఐదు నెలల కడుపుతో ఉంది అప్పటికి.

"బాబాయ్" అంది రవక. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నేనీ దారిన రాలేదు. నేనేం చూడలేదు."

"చూశావు తల్లీ."

"చూడలేదన్నానా! ఇంక నోరెత్తకు." కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ చలికాలంలో తొమ్మిదిసార్లు దాటాడు రసామీ. మొదట పురుగుల రసం పిండి నోట్లో వేశాడు, తర్వాత మెత్తని ముక్కలు, తర్వాత పొడి అద్దిన మిడత. వారానికి ఒక కన్ను తెరిచింది. మూడు వారాలకి వాపు దిగింది. నెల తిరిగేసరికి, రెక్కల పురుగును చెయ్యెడు దూరంలో పెడితే నాలుక ఒక్క ఊపున వెళ్ళి తగిలింది. ఒళ్ళంతా మళ్ళీ నీలం వచ్చింది. చూసి సంతోషించాలి కదా మనిషన్నవాడు? రసామీ మేత పెట్టి గోడకి ఆనుకుని, రెండు చేతులూ ముందు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చునేవాడు.

సెప్టెంబరులో సమాధి తెరవడానికి రోజు కుదిరింది. వంద మంది పైన చుట్టాలు దిగారు. హంటా తమ్ముడు సులుఫు నాలుగు ఊళ్ళ అవతల నుంచి తన వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లనగ్రోవులు, డోళ్ళు, కొవ్వు తేలే పంది మాంసం, గుట్టలుగా అన్నం. రసామీ హంటా కోసం పట్టుగుడ్డ నేయించి పెట్టుకున్నాడు. ఇద్దరికి సరిపడా వెడల్పు. ఇప్పటికి ఆమెకి మడత వేసి చుట్టి, తను పోయాక విప్పి ఇద్దరికీ చుట్టాలని.

వాళ్ళ ఇంటి ఆనవాయితీ ఒకటుంది. తలుపు తెరిచే ముందు తాళం ఉన్న మనిషి నేల మీద సారా పోసి, వంశంలో ఎవరి మీదైనా పెద్దల తప్పు ఉంటే ఇప్పుడే చెప్పమని అడుగుతాడు. దాచిపెట్టి లోపలికి వెళ్తే ఆ కీడు తప్పు చేసినవాణ్ణి వదిలేసి, వంశంలో పుట్టబోయే బిడ్డని పట్టుకుంటుందని వాళ్ళ నమ్మకం. రండ్రియా అడిగాడు. ఎవరూ కదల్లేదు. రవక ఏడో నెల కడుపు చేత్తో పట్టుకుని ఆడవాళ్ళలో నిలబడి ఉంది, రసామీ వైపు చూడకుండా తల అడ్డంగా ఊపింది.

ఆయన ఆ కడుపు వైపు చూశాడు. తనకు నిలవని రెండు కాన్పులూ గుర్తొచ్చాయి. అన్న తిడతాడు, ఎద్దును బలి ఇమ్మంటాడు, నలుగురిలో తల వంచుకోవాలి, అంతే కదా అనుకున్నాడు. ఎంతైనా తోడబుట్టినవాడు.

"అన్నయ్యా" అన్నాడు. "కందకం దాటాను. మిడతల కోసం. తొమ్మిదిసార్లు."

డోలు ఆగిపోయింది. రండ్రియా చేతిలో సీసా అలాగే ఉండిపోయింది.

"గట్టున కూర్చుంటున్నావనుకున్నాం కదరా" అన్నాడు చివరికి. "ఊరంతా నవ్వుతుంటే నేనూ నవ్వి ఊరుకున్నాను. దేనికోసంరా? ఒక ఊసరవెల్లి కోసమా?"

"చచ్చిపోతోందన్నయ్యా. హంటా పెంచింది."

"చస్తే చావనీయాల్సింది!" రండ్రియా సీసా కింద పెట్టేశాడు. "చస్తే ఏడ్చేవాడివి, నేనూ వచ్చి కూర్చునేవాణ్ణి నీ పక్కన. ఇప్పుడు నేనేం చెయ్యను? ఒక్కసారంటే ఎద్దుతో కడుక్కుంటాం. తొమ్మిదిసార్లు! లోపల అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు. వాళ్ళకి ఏం చెప్పమంటావు?" ఆయన ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే చెప్పాడు. "నువ్వీ గుమ్మం దాటవు. ఇవాళా దాటవు, పోయాకా దాటవు. గుడ్డకి చెయ్యి తగలనివ్వకు."

రవక ఘొల్లుమంది. రసామీ కందకం దాటి వెళ్ళి, తను ఎప్పుడూ కూర్చునే ఇవతలి గట్టున నిలబడ్డాడు.

అక్కణ్ణుంచే చూశాడు. ఒక్కొక్కరినే భుజాల మీద బయటికి తెచ్చారు. హంటా చిన్న మనిషి, ఇద్దరే మోశారు. కొత్త చాప మీద పడుకోబెట్టి, ఆడవాళ్ళు ఆయన నేయించిన గుడ్డ విప్పారు. అది మరీ వెడల్పుగా ఉంది. ఏం చెయ్యాలో తోచక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, ఆవిడ ఒక్కదానికే మళ్ళీ మళ్ళీ చుట్టి బిగించి కట్టేశారు.

అప్పుడు సులుఫు లేచాడు. పెద్దమనిషి తరహాలో టోపీ తీసి రండ్రియాకి నమస్కరించాడు. "మా అక్క మీ ఇంటికి వచ్చింది మా బావ కోసం. ఆయనకే చోటు లేనప్పుడు ఆవిడ ఇక్కడ ఎవరి మనిషి? పరాయివాళ్ళ మధ్య ఎందుకు పడి ఉండాలి? మేం తీసుకుపోతాం. మా నాన్న పక్కన పెట్టుకుంటాం."

రండ్రియా కాదనలేకపోయాడు. ఏమని కాదంటాడు?

చాపతో సహా వెదురు బొంగుకి కట్టి, ఒక కొస సులుఫు, రెండో కొస వాళ్ళ కుర్రాడు ఎత్తుకున్నారు. ముందు మిగతావాళ్ళు పిల్లనగ్రోవులు ఊదుకుంటూ, తీసుకెళ్ళేది తమ మనిషిని కనుక సంతోషంగా, ఆడుతూ నడిచారు. రసామీ వెనకే వెళ్ళాడు. ఊరి చివర అరటితోపు దగ్గర సులుఫు ఆగి వెనక్కి చూశాడు.

"ఇక్కడితో ఆగిపో బావా. ఇంక నువ్వు రాకూడదు."

"నన్ను కూడా మీ దగ్గరే పెట్టుకోరా" అన్నాడు రసామీ. ఆయన ఎవరినీ ఎప్పుడూ అలా బతిమాలి ఎరగడు. "నేను పోయాక. కాళ్ళ దగ్గరైనా సరే. తలుపు పక్కనైనా సరే."

సులుఫు తల దించుకున్నాడు. "మీ పెద్దలే వద్దన్న మనిషిని మా పెద్దల మధ్య ఎలా పడుకోబెట్టను? నువ్వే చెప్పు బావా. నాకూ పిల్లలున్నారు."

"సరే. అయితే ఒక్కటి చెయ్యి." రసామీ దగ్గరికి వెళ్ళబోయి, గుడ్డకి చెయ్యి తగులుతుందని భయపడి వెనక్కి తగ్గాడు. "ఆవిడ పక్కన ఇంత చోటు వదిలెయ్యి. ఎవరినీ పెట్టకు అక్కడ."

"ఎవరి కోసం, బావా?"

రసామీ తన రెండు చేతుల వైపూ చూసుకున్నాడు.  సులుఫు బొంగును ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుని, ముందు పోతున్నవాళ్ళని అందుకోవడానికి గబగబా నడిచాడు.